నీలి ఆకుపచ్చ నాచును తినే బ్యాక్టీరియా పనిచేస్తుందా? ఒక చేపల రైతు ప్రశ్నకు సమాధానం

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: కైకలూరు దగ్గర అయిదెకరాల శీలావతి, బొచ్చె చేపల చెరువు. కొన్ని వారాలుగా నీళ్లు చిక్కటి పచ్చగా మారాయి. గాలి వీచే వైపు మూలలో పెయింటు ఒలికినట్టు తెట్టు కడుతోంది. ప్రొబయాటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా పొడి) రెండుసార్లు వేసినా తగ్గలేదు. ఇప్పుడు షాపులో "నాచును తినేసే బ్యాక్టీరియా" అంటూ కొత్త ప్యాకెట్ చూపిస్తున్నారు, తోటి రైతులేమో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కొట్టమంటున్నారు. రెండిటిలో ఏది మేలు? అసలు ఈ నాచే ఒక రకం బ్యాక్టీరియా అంటారు కదా, దాన్ని ఇంకో బ్యాక్టీరియా ఎలా తింటుంది?

సూటిగా చెబుతాను. ఈ వారం రెండూ వేయకండి. ప్యాకెట్ వేస్తే డబ్బు పోతుంది. మైలుతుత్తం కొడితే చేపే పోవచ్చు. ఎందుకో తెలియాలంటే ఆ తెట్టులో ఎవరెవరు కాపురం ఉంటున్నారో తెలియాలి. నేను చాలా ఏళ్లుగా చూస్తున్నది ఆ కాపురాన్నే, అందుకే జవాబు కాస్త పొడుగవుతుంది.

ముందు అది నిజంగా నీలి ఆకుపచ్చ నాచేనా అన్నది తేల్చుకోండి. ఒక పారదర్శకమైన సీసాలో చెరువు నీళ్లు పట్టి, కదపకుండా ఒక గంట ఉంచండి. పచ్చదనమంతా పైకి తేలి మెడ దగ్గర గుమిగూడితే అది చాలావరకు మైక్రోసిస్టిస్ అనే నీలి ఆకుపచ్చ నాచు. దాని కణాల్లో గాలి నిండిన సన్నని గొట్టాలుంటాయి, తేలేది వాటి వల్లే. తెట్టు ఎండిన అంచున నీలం రంగు కనిపిస్తే ఇంకా గట్టి గుర్తు: కణాలు పగిలి లోపలి నీలి వర్ణకం బయటికొచ్చిందన్నమాట. పొద్దున పచ్చగా, ఎండెక్కాక ఎర్రగా మారే తెట్టయితే అది యూగ్లినా అనే వేరే ఏకకణ జీవి కావచ్చు. దాని కథ వేరు. అనుమానం ఉంటే ల్యాబులో మైక్రోస్కోప్ కింద చూపించండి, అయిదు నిమిషాల పని.

మీరు విన్నది నిజమే. పేరుకు నాచే కానీ అది బ్యాక్టీరియా. కణంలో కేంద్రకం లేదు. ఆకులాగా వెలుతురు పట్టి ఆక్సిజన్ వదలడం నేర్చిన బ్యాక్టీరియా, సయనోబ్యాక్టీరియా. భూమి గాలిలో ఆక్సిజన్ నింపింది ఈ జాతి పూర్వీకులే. వాటిని శత్రువులుగానే చూడటం నాకు నచ్చదు. వరి మడిలో నత్రజనిని పట్టి ఇచ్చేది వీటి బంధువులేనని పి. కె. డే అనే శాస్త్రవేత్త 1939లోనే చూపించారు. మన రైతులు వరికి జీవన ఎరువుగా వాడే అజొల్లా ఆకుల్లో ఉండేదీ అనబీనా అనే నీలి ఆకుపచ్చ నాచే. చేపల చెరువులో చిక్కు ఎక్కడొస్తుందంటే, మనం పెట్టే తిండి మితిమీరి ఒకే జాతి చెరువంతా కమ్మేసినప్పుడు.

ఇప్పుడు తెట్టులోకి వద్దాం. మైక్రోసిస్టిస్ ఒంటరి కణంగా ఉండదు. వందలు, వేల కణాలు కలిసి ఒక జిగురు ముద్దలో ఉంటాయి. ఆ జిగురును అవే స్రవిస్తాయి. ఆ జిగురు నిండా వేరే బ్యాక్టీరియాలు ఉంటాయి: కొన్ని అంటుకుని, కొన్ని లోపల ఈదుతూ. మైక్రోసిస్టిస్ పగలు తయారుచేసిన చక్కెరల్లో కొంత బయటికి కారుస్తుంది, వీటి తిండి అదే. బదులుగా ఇవి చచ్చిన కణాలనూ విసర్జనలనూ కుళ్లబెట్టి అందులోని నత్రజని, భాస్వరం మళ్లీ మైక్రోసిస్టిస్‌కు అందేలా విడగొడతాయి. ముద్దలోపల వాడినదే మళ్లీ వాడుకుంటారు కాబట్టి బయట నీళ్లలో పోషకాలు తగ్గినా ముద్ద వెంటనే ఆకలితో చావదు. మీరు ల్యాబులో నీళ్లు పరీక్ష చేయిస్తే భాస్వరం తక్కువగా చూపించి, కళ్ల ముందు తెట్టు మాత్రం అలాగే ఉండటానికి ఇదొక కారణం.

ఇంకో సేవ కూడా ఉంది. మండుటెండలో నీళ్లలో హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారవుతుంది. నీలి ఆకుపచ్చ నాచులకు అది పచ్చ నాచుల కంటే ఎక్కువ హాని చేస్తుంది. నెదర్లాండ్స్‌లోని కూట్‌షౌస్ సరస్సులో 2009లో లీటరుకు సుమారు 2 మిల్లీగ్రాముల పెరాక్సైడ్ కలిపి, మిగతా జీవాలకు పెద్దగా దెబ్బ తగలకుండా నీలి ఆకుపచ్చ నాచునే అణచగలిగారు. జిగురులో ఉండే బ్యాక్టీరియాలు చాలావాటికి పెరాక్సైడ్‌ను విరగ్గొట్టే కాటలేజ్ ఎంజైము ఉంటుంది. అంటే అవి తమకోసం చేసుకునే పనే మైక్రోసిస్టిస్‌కూ రక్షణ అవుతుంది.

ఈ సహవాసం ఎంత లోతైనదో ల్యాబులో పనిచేసేవాళ్లకు బాగా తెలుసు. చెరువు నుంచి తెచ్చిన మైక్రోసిస్టిస్‌ను కల్చర్‌లో పెంచుతూ పోతే కొన్నాళ్లకు ముద్దలు విడిపోయి విడివిడి కణాలవుతాయి. బయటి బ్యాక్టీరియాను కలిపితే మళ్లీ జిగురు పెంచుకుని గుమిగూడిన సందర్భాలున్నాయి. బ్యాక్టీరియా పూర్తిగా లేని శుద్ధమైన కల్చర్ చేయడం మహా కష్టం. వేర్వేరు ఖండాల సరస్సుల్లోని ముద్దలను జన్యువుల స్థాయిలో పోల్చినప్పుడు, లోపలి బ్యాక్టీరియా జాతులు సరస్సును బట్టి మారాయి కానీ అవి చేసే పనులు చాలావరకు ఒకేలా ఉన్నాయి. నాకు ఇందులో ముఖ్యంగా తోచేది ఇదే. ఎవరు ఉన్నారన్నది కాదు, ఏ పనికి అక్కడ చోటుందన్నది చెరువును నడుపుతుంది.

అనబీనా విషయం ఇంకా విచిత్రం. దాని గొలుసులో అక్కడక్కడా మందపాటి గోడల హెటిరోసిస్ట్ కణాలుంటాయి, గాలిలోని నత్రజనిని పట్టేది అక్కడే. 1985లో పెర్ల్, గలుచ్చి అనే శాస్త్రవేత్తలు చూపించిందేమిటంటే, ఒక సూడోమోనాస్ బ్యాక్టీరియా ఆ కణాల నుంచి కారే పదార్థాల వాసన పట్టి, ఈదుకుంటూ వెళ్లి, సరిగ్గా హెటిరోసిస్ట్ దగ్గరే అంటుకుంటుంది. నత్రజని పట్టే ఎంజైముకు ఆక్సిజన్ పడదు, అంటుకున్న బ్యాక్టీరియా చుట్టూ ఉన్న ఆక్సిజన్‌ను వాడేస్తుంది. ఇద్దరికీ లాభం.

మరి చంపే బ్యాక్టీరియా లేవా అంటే, ఉన్నాయి. అబద్ధమేమీ కాదు. 1970లో మోషే షిలో ఇజ్రాయెల్‌లో, అదీ చేపల చెరువుల నుంచే, నీలి ఆకుపచ్చ నాచును కరిగించే మిక్సోబ్యాక్టీరియాను వేరుచేశారు. ఆ మరుసటి ఏడాది డాఫ్ట్, స్టీవర్ట్ అలాంటివే మరికొన్ని చూపించారు. తర్వాత బాసిల్లస్, స్ట్రెప్టోమైసిస్ వంటి జాతుల్లోనూ దొరికాయి. కొన్ని దగ్గరకొచ్చి తాకి చంపుతాయి, కొన్ని దూరం నుంచే రసాయనం వదిలి చంపుతాయి. షిలో గమనించిన ఒక సంగతి మాత్రం ప్రతి చేపల రైతూ గుర్తుపెట్టుకోవాలి. గట్టి అగర్ ప్లేటు (ల్యాబులో బ్యాక్టీరియాను పెంచే జెల్లీ పళ్లెం) మీద ఆ బ్యాక్టీరియా నాచును చకచకా కరిగించింది. ద్రవంలో వేస్తే నెమ్మదిగా, కొద్దిగా మాత్రమే. ఆ ద్రవాన్ని కుదుపుతూ ఉంచితే అసలు పనే జరగలేదు. దాని కొన నాచు కణాన్ని తాకి నిలబడితేనే చంపగలదు. మీ చెరువులో గాలి, అలలు, ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) రాత్రింబవళ్లు చేసేది ఆ కుదుపే కదా.

రసాయనం వదిలే రకాలకైనా లెక్క కుదరాలి. ల్యాబులో నాచు మీద ప్రభావం కనిపించడానికి సాధారణంగా మిల్లీలీటరుకు 10 లక్షలు, అంతకు మించి బ్యాక్టీరియా కావాలి. మీ ప్యాకెట్ మీద గ్రాముకు 100 కోట్లు అని రాసి ఉందనుకుందాం, అదంతా బతికే ఉందనే అనుకుందాం. కిలోలో లక్ష కోట్లు. వినడానికి చాలా పెద్ద సంఖ్య. ఎకరం చెరువులో అయిదడుగుల లోతుకు సుమారు 60 లక్షల లీటర్ల నీళ్లు, అంటే 600 కోట్ల మిల్లీలీటర్లు. భాగించి చూడండి. ఎకరానికి కిలో వేస్తే మిల్లీలీటరుకు సుమారు 167 వస్తాయి. ఆ మిల్లీలీటరులో ముందే 10 లక్షలకు తక్కువ కాకుండా స్థానిక బ్యాక్టీరియా ఉంటుంది. ల్యాబు మోతాదు అందాలంటే ఎకరానికి ఆరు టన్నుల పొడి పోయాలి.

"వేసినవి పెరుగుతాయి కదా" అని మీరు అడగొచ్చు. తిండి, చోటు ఉంటే పెరుగుతాయి. కానీ ఆ తిండి మీద ముందే చేరి, ఆ నీటికి అలవాటుపడిన లక్షల మంది ఉన్నారు. అమెరికాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయంలో క్లాడ్ బాయిడ్, ఆయన సహచరులు 1980, 90 దశకాల్లో క్యాట్‌ఫిష్ చెరువుల్లో బ్యాక్టీరియా ఉత్పత్తులు వేసి, వేయని చెరువులతో పోల్చి చూశారు. నీటి నాణ్యతలో చెప్పుకోదగ్గ తేడా దాదాపు కనిపించలేదు. ఒక ప్రయోగంలో బాసిల్లస్ వేసిన చెరువుల్లో చేప బతుకుదల మెరుగ్గా వచ్చిన మాట కూడా చెప్పాలి. కాబట్టి ప్రొబయాటిక్ అంతా మోసమని నేననను. మేతలో కలిపి ఇస్తే చేప పేగులో దాని పని వేరే లెక్క. అయిదెకరాల తెట్టును అది తీసేస్తుందన్న మాటకు మాత్రం ఆధారం లేదు.

ఇక రెండో సంగతి, నా దృష్టిలో ఇదే అసలు సంగతి. ఒకవేళ ఏదో ఒకటి పనిచేసి నాచంతా ఒక్కసారిగా చచ్చిందనుకోండి. మైలుతుత్తం ఆ పని చేయగలదు కూడా. అప్పుడు మీ చెరువులో ఉన్న కోట్లాది మామూలు బ్యాక్టీరియా ఆ శవాల మీద పడుతుంది. ఒక గ్రాము కార్బన్ కుళ్లడానికి 2.67 గ్రాముల ఆక్సిజన్ కావాలి. చిక్కటి తెట్టున్న చెరువులో లీటరుకు 10 మిల్లీగ్రాముల నాచు కార్బన్ ఉందనుకుంటే, దాన్ని కుళ్లబెట్టడానికి దాదాపు 27 మిల్లీగ్రాముల ఆక్సిజన్. 30 డిగ్రీల నీరు పట్టుకోగలిగేది 7.5 మిల్లీగ్రాములే. ఆక్సిజన్ ఇచ్చే నాచు పోయింది, వాడుకునే బ్యాక్టీరియా పెరిగింది. తెల్లవారేసరికి చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలడం, ఆ తర్వాత జరిగేది మీకు నేను చెప్పక్కర్లేదు. కుళ్లినప్పుడు అమ్మోనియా కూడా ఒక్కసారిగా పెరుగుతుంది.

విషం సంగతి ఇంకోటి. మైక్రోసిస్టిస్‌లో చాలా రకాలు మైక్రోసిస్టిన్ అనే కాలేయ విషాన్ని తయారుచేస్తాయి. బతికున్నంతకాలం అది ఎక్కువగా కణం లోపలే ఉంటుంది. కణం పగిలితే నీళ్లలోకి వస్తుంది. ఆస్ట్రేలియాలోని పామ్ ఐలండ్‌లో 1979లో తాగునీటి జలాశయంలో నాచు పెరిగితే మైలుతుత్తం కొట్టారు. అక్కడ ఉన్న నాచు వేరు, దాని విషమూ వేరు, కానీ జరిగింది ఇదే: కణాలు పగిలాయి, ఆ నీళ్లు తాగిన దాదాపు 150 మంది, ఎక్కువగా పిల్లలు, కాలేయం దెబ్బతిని ఆసుపత్రి పాలయ్యారు.

అయితే బయటపడిన మైక్రోసిస్టిన్‌ను తినేది కూడా బ్యాక్టీరియానే. ఈ భాగం చదివిన ప్రతిసారీ నాకు ఆశ్చర్యమే. ఆ విషం ఏడు అమైనో ఆమ్లాల వలయం. మరిగించినా విరగదు. ఆస్ట్రేలియాలోని మరంబిడ్జీ నది నుంచి 1990లలో వేరుచేసిన ఒక స్ఫింగోమోనాస్ బ్యాక్టీరియా ఒకే ఎంజైముతో ఆ వలయాన్ని ఒకచోట తెంపుతుంది. తెగిన గొలుసుకు విషశక్తి వంద రెట్లకు పైగా పడిపోతుంది. తర్వాత ఇంకో రెండు ఎంజైములు దాన్ని ముక్కలు చేస్తాయి. అలాంటి బ్యాక్టీరియా ప్రపంచంలో చాలాచోట్ల చెరువుల్లో సహజంగానే ఉంది. కాకపోతే అది పుంజుకోవడానికి సమయం పడుతుంది. మందు కొట్టిన ఒక ఆస్ట్రేలియా చెరువులో విషం వారానికి పైగా తగ్గకుండా నిలిచి, ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే చాలావరకు మాయమైంది. అందుకే తెట్టు విరిగిన తర్వాత రెండు మూడు వారాలు ఆ నీళ్లు గేదెలకు తాపొద్దంటాను. నాచు నీళ్లు తాగి పశువులు చచ్చిపోవడం గురించి జార్జ్ ఫ్రాన్సిస్ 1878లోనే రాశాడు. పక్క కాలువ తాగునీటికి పోతుంటే ఆ నీళ్లు అందులోకి వదలకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటిలో ఈ విషానికి పెట్టిన హద్దు లీటరుకు 1 మైక్రోగ్రామే. చేపల్లో ఇది ఎక్కువగా కాలేయం, పేగుల్లో చేరుతుంది, కండలో తక్కువ. ఇంట్లో వండుకునేవి పేగులు, కాలేయం పూర్తిగా తీసి శుభ్రంగా కడగండి.

తెట్టు కుళ్లితే వాసన గొడవ కూడా ఉంటుంది. చైనాలో తైహు సరస్సు ఒడ్డున ఉన్న వుషి నగరంలో 2007లో సుమారు 20 లక్షల మందికి కొళాయి నీళ్లు వాడలేని పరిస్థితి వచ్చింది. ఆ కంపుకు ముఖ్య కారణం, కుళ్లే నాచు ముద్దల్లో ఆక్సిజన్ లేక బ్యాక్టీరియా వదిలిన గంధకపు సమ్మేళనాలు. మన చేపల్లో వచ్చే మట్టి వాసన వేరు. అది జియోస్మిన్. నీలి ఆకుపచ్చ నాచుల్లో కొన్ని, అడుగు మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ బ్యాక్టీరియా, రెండూ తయారుచేస్తాయి.

ఇప్పుడు మట్టి గురించి ఒక మాట, ఎందుకంటే వచ్చే ఏడాది తెట్టు అక్కడే మొదలవుతుంది. మేతలోని నత్రజనిలో సుమారు నాలుగో వంతు మాత్రమే చేప ఒంట్లో చేరుతుంది. మిగిలింది నీళ్లలోకీ మట్టిలోకీ పోతుంది. భాస్వరంలో చాలా భాగం అడుగున ఇనుముతో కలిసి బందీగా ఉంటుంది. అడుగున ఆక్సిజన్ అయిపోగానే అక్కడి బ్యాక్టీరియా ఇనుమునూ సల్ఫేటునూ వాడి ఊపిరి పీలుస్తుంది. ఇనుము కరుగుతుంది, దానితో ఉన్న భాస్వరం విడుదలై పైకొస్తుంది. పైన ఎదురుచూస్తున్నది మైక్రోసిస్టిస్. దానికి గాలి నత్రజని పట్టే శక్తి లేదు, ఆ లోటును మీ మేత, కోళ్ల ఎరువు తీరుస్తున్నాయి. అందుకే పంట తీశాక చెరువును నెర్రెలు విచ్చేదాకా ఎండగట్టి నల్ల బురద తీయించడం ఏ ప్యాకెట్ కంటే ఎక్కువ పని చేస్తుంది.

బెల్లం, తవుడు పులియబెట్టి వేయడం గురించి మీరు అడగలేదు, కానీ తప్పకుండా ఎవరో ఒకరు చెబుతారు. దాని వెనక సైన్సు ఉంది. పిండి పదార్థం అందితే బ్యాక్టీరియా పెరిగి నీళ్లలోని అమ్మోనియాను తన ఒంట్లోకి తీసుకుంటుంది, నాచుతో పోటీ పడుతుంది. ఇజ్రాయెల్ శాస్త్రవేత్త యోరామ్ అవ్నిమెలెక్ 1999లో ఇచ్చిన లెక్క ప్రకారం ఒక గ్రాము నత్రజనికి 20 గ్రాముల పిండి పదార్థం. మీ నీళ్లలో అమ్మోనియా నత్రజని లీటరుకు 1 మిల్లీగ్రాము ఉంటే ఎకరానికి 6 కిలోలు, దానికి 120 కిలోల బెల్లం. అందులో బ్యాక్టీరియా ఒంట్లో చేరగా మిగిలింది కాలడానికే సుమారు 75 కిలోల ఆక్సిజన్ కావాలి. నీరు నిండుగా ఆక్సిజన్ పట్టుకున్నా ఎకరంలో ఉండేది 45 కిలోలే. ఏరేటర్లు దండిగా ఉన్న చిన్న చెరువుకు, నాచు ఇంకా చిక్కబడక ముందు, రోజుకు కొంచెం చొప్పున అయితే సరే. మీ చెరువుకు ఈ స్థితిలో వద్దు.

మరి ఏం చేయాలి? కోళ్ల ఎరువు ఈ రోజే ఆపేయండి. మేత సగానికి తగ్గించండి, తెల్లవారుజామున చేపలు తేలితే ఆ రోజు పూర్తిగా మానేయండి. గాలి లేని రాత్రి తర్వాత పొద్దున్నే ముద్దలన్నీ పైకి తేలి ఉంటాయి. కాస్త గాలి మొదలై మూలకు చేరాక సన్నని గుడ్డతోనో దోమతెర వలతోనో లాగి, గట్టు అవతల, మళ్లీ చెరువులోకి కారని చోట పోయండి. చేతులకు గ్లవ్స్ వేసుకోమని కూలీలకు చెప్పండి, చర్మం దురద పెడుతుంది. బయటికి తీసిన ప్రతి బుట్టా కుళ్లకుండా, ఆక్సిజన్ తినకుండా పోయిన నాచే. ఇది చేసినవాళ్లు తక్కువ, కానీ దీనంత నమ్మకమైన పని ఇంకొకటి నేను చూడలేదు. ఏరేటర్లు రాత్రి పది నుంచి ఎండ పొడిచేదాకా ఆపకండి. మంచి కాలువ నీరు దొరికితే రోజుకు కొంచెం చొప్పున మార్చండి.

కాల్చిన సున్నం ఇప్పుడు వేయకండి. నాచు పగలు కార్బన్ డయాక్సైడ్ లాగేసి పీహెచ్‌ను 9 దాటించి ఉంటుంది. 30 డిగ్రీల దగ్గర పీహెచ్ 8లో మొత్తం అమ్మోనియాలో 7 నుంచి 8 శాతం మాత్రమే చేపకు విషమైన రూపంలో ఉంటుంది, 9 దగ్గర అది దాదాపు 45 శాతం. సున్నం పీహెచ్‌ను ఇంకా పైకి నెడుతుంది. యాంటీబయాటిక్ మాట ఎవరైనా ఎత్తితే అసలు వినకండి. నీలి ఆకుపచ్చ నాచు బ్యాక్టీరియా కాబట్టి మందుకు చస్తుందన్న తర్కం కాగితం మీద సరిగ్గానే కనిపిస్తుంది. చెరువులో మాత్రం అది విషాన్ని తినే బ్యాక్టీరియానూ, అమ్మోనియాను మార్చే బ్యాక్టీరియానూ కూడా చంపుతుంది, మందుకు లొంగని జాతులను మిగులుస్తుంది.

మూడు రోజులు తెల్లవారుజామున అయిదింటికి డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్, లీటరుకు మిల్లీగ్రాముల్లో), మధ్యాహ్నం మూడింటికి పీహెచ్ చూసి రాసుకోండి. ఒకసారి అమ్మోనియా, ఆల్కలినిటీ (నీటి క్షారత) కూడా చేయించండి. ఎకరానికి రోజుకు ఎన్ని కిలోల మేత పోతోందో, ఎరువు ఎప్పుడెప్పుడు వేశారో చేర్చి ఇక్కడే పెట్టండి. సీసా పరీక్ష ఫోటో ఒకటి. అయిదింటి డీవో 3 కంటే పైన నిలబడితే మేత ఎంత, ఎప్పుడు మళ్లీ పెంచాలో లెక్క వేసి చెబుతాను. 2 కంటే కిందికి దిగితే నా జవాబు కోసం ఆగకండి, అద్దెకైనా సరే ఇంకో ఏరేటర్ ఆ రాత్రికే దింపండి.